కంబగిరప్ప అడిగిన రంగు

రోగి చీటీలో ఉన్న పేరు చదివి ఉరుకుందు గోడకు చెయ్యి ఆనించాడు. పోయిన వారం మనం అతన్ని అలాగే నిలబెట్టి వచ్చాం.

ఆ పేరు కంబగిరప్ప. వేరుశనగ నూనె మిల్లు మేనేజరు. ఉరుకుందు వాళ్ల అన్న పెద్ద ఈరన్న తొమ్మిదేళ్లు ఆ మిల్లులో కాటా గుమాస్తాగా పనిచేశాడు. బండ్లమీద వచ్చే కాయల బస్తాలు తూయించడం అతని పని. కాలు కుళ్లి, మోకాలి దాకా తీయించుకుని, అయినా దక్కక ముప్పై ఎనిమిదో ఏట పోయాడు. ఆ కాలు తీసింది కర్నూలులో డాక్టరు ఏసేపుగారి చిన్న ఆసుపత్రిలో. అన్నను అక్కడికి తెచ్చిన ఉరుకుందు మళ్లీ ఊరికి పోలేదు. డాక్టరుగారి దగ్గరే మూత్రం, రక్తం పరీక్ష చేసే పని నేర్చుకుని నాలుగేళ్లుగా అక్కడే ఉండిపోయాడు. పనిమీద ప్రేమతో ఉన్నాడని డాక్టరుగారి నమ్మకం. అది సగమే నిజం. ఎంత గట్టి మనిషయినా ఎప్పుడో ఒకప్పుడు ఒళ్లు చెడి కర్నూలుకు రాక తప్పదు. ఆ మనిషి కూడా వస్తాడు. ఉరుకుందు ఉన్నది అందుకు.

వచ్చాడు. పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం మే నెలలో ఒక బుధవారం, పొద్దున ఎనిమిదిన్నరకు, తెల్ల పంచె, సిల్కు చొక్కా, భుజాన జరీ ఉత్తరీయంతో వచ్చాడు. రోగం ఉందని రాలేదు. మిల్లును మద్రాసు వాళ్లు కొన్నారు. ఆదోనిలో వాళ్లకింకొక మిల్లు ఉంది. రెండిటికీ కలిపి కంబగిరప్పనే పెద్ద మేనేజరుగా వెయ్యాలని వాళ్ల ఆలోచన. అయితే ముందు ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు కాగితం కావాలన్నారు. ఆ కాగితం కోసం వచ్చాడు.

డాక్టరుగారు కోట దగ్గర ఒక కాన్పు కేసుకు పోయి ఉన్నారు. పదకొండుకు గానీ రారు. ఆ లోపల పరీక్ష చేసి కాగితంలో రాసి పెట్టడం ఉరుకుందు పని. వచ్చి సంతకం చెయ్యడం ఆయన పని.

"ఏమి నాయనా, ఇది యాడ పెట్టాల?" అన్నాడు కంబగిరప్ప. ఆసుపత్రి వాళ్లిచ్చిన మూత్రం సీసాను ఉత్తరీయం చాటున దాచుకుని, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు అటూ ఇటూ చూస్తూ తెచ్చాడు.

"ఈడ పెట్టండి. పోయి బెంచీ మీద కూచోండి."

కంబగిరప్ప అతన్ని గుర్తుపట్టలేదు. రవ్వంతయినా అనుమానం రాలేదు. అందుకు ఉరుకుందుకు ఇంకా మండింది.

అతని చొక్కా జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఉంది. సంవత్సరం నుంచీ ఉంది. కాగితం చెమటకు మెత్తబడినప్పుడల్లా కొత్త కాగితంలోకి మార్చుకుంటూ వచ్చాడు. కంబగిరప్ప అనేవాడు ఏ పని మీద వచ్చినా సరే, వాడి సీసాలో ఆ పొడి కలిపేస్తే చాలు, లేని చక్కెర రోగం అంటగట్టవచ్చు. పరువు పోతుంది. పని పోతుంది. నడిబజారులో తల వంచుకుని నడుస్తాడు. ఇంతకన్నా పెద్ద పగ అతనికి తోచలేదు.

పొట్లం విప్పబోయి ఆగాడు. ముందు ఏమీ కలపకుండా ఒకసారి చూద్దామనుకున్నాడు. చెయ్యకుండా రాసే పరీక్ష దొంగసాక్ష్యంతో సమానమని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. దొంగపని చెయ్యబోతూ కూడా ఆ అలవాటు పోలేదు.

గాజు గొట్టంలో నీలం మందు పోశాడు. ఎనిమిది చుక్కలు వేశాడు. స్పిరిట్ దీపం వెలిగించి గొట్టాన్ని పట్టకారుతో మంట మీద పట్టాడు.

నీలం పచ్చగా తిరిగింది. పచ్చ పసుపయింది. ఉరుకుందు ఊపిరి బిగబట్టాడు. పసుపు నారింజ రంగుకు వచ్చి, అక్కడా ఆగక, అడుగు నుంచి పైదాకా అప్పుడే ఆవం నుంచి తీసిన ఇటుక రంగుకు తిరిగింది.

పొట్లం ఇంకా మడత విప్పనిదే.

దాన్ని తీసి తొట్టిలో పడేసి నీళ్లు వదిలాడు. ఈ మనిషికి నేను అంటగట్టాల్సిన పనేమీ లేదు, వాడే సంపాదించుకున్నాడు అనుకున్నాడు. అనుకోగానే గుండెల్లో ఏదో చల్లగా పాకింది. సంతోషం అనే మాట దానికి సరిపోదు. ఆకలిగొన్న మనిషికి విస్తరి వేసినప్పుడు కలిగేదేదో అది.

తలుపు తోసుకుని కంబగిరప్ప లోపలికొచ్చాడు.

"ఏమప్పా, అయిందా?" అని గొట్టం వైపు చూసి మొహం వికసించి, "అబ్బా, ఎంత మంచి రంగు వచ్చిందప్పా! కుంకం మాదిరి ఉండాది," అన్నాడు.

"మంచి రంగు కాదు."

"మరి?"

"నీలంగా ఉండల్ల. నీలం ఉంటే చక్కెర లేనట్టు. ఎర్రగా తిరిగితే శానా ఉన్నట్టు."

"ఎంత శానా?"

"ఇంతకన్నా ఎర్రగా అది తిరగదు."

కంబగిరప్ప నవ్వబోయాడు. నవ్వు సగంలో నిలిచిపోయింది. "నీ మందు పాతదేమో చూడు. ఇంగొకసారి మంట మీద కాంచు."

ఉరుకుందు మాట్లాడకుండా ఇంకొక గొట్టం కడిగాడు. ఈసారి కంబగిరప్ప దగ్గరికి వచ్చి, మంటలో మొహం పెట్టినట్టుగా వంగి చూశాడు. పచ్చ. పసుపు. ఇటుక.

"నేను గుర్రం మాదిరి ఉండానే!" అన్నాడు.

"గుర్రం రాత్రి ఎన్నిసార్లు లేస్తాది?"

"ఐదారు సార్లు... ఎండకాలం గద. నీళ్లు ఎక్కువ తాగుతాండా."

"సంక్రాంతి చలిలో?"

కంబగిరప్ప ఉత్తరీయం సర్దుకున్నాడు.

"చొక్కాలు వదులయినాయా?"

"చాకలోడు సాగదీసినాడని మా ఇంటామె గురమ్మ వానితో దినమూ కొట్లాట," అంటూనే మాట మింగేశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పోసింది. జరీ ఉత్తరీయంతోనే తుడుచుకున్నాడు.

గొంతు తగ్గించి, "నాయనా, నీ పేరేంది?" అన్నాడు.

"ముందు పని చెప్పండి."

"నువ్వు నీలం అని రాయి. మద్రాసు వాళ్లు కాగితం చూస్తారు గానీ నన్ను కోసి చూస్తారా? సోమవారం లోపల కాగితం చేరకపోతే ఆ పని ఇంకొకనికి పోతాది. వాడు నా కింద పనిచేసినోడు. వాని కింద నేను చెయ్యల్ల. అంతకన్నా చావు మేలు."

"చావు మేలా?"

"మేలే."

ఉరుకుందు దీపం ఆర్పాడు. మూత బోర్లించాడు. అప్పుడు తిరిగి ఆ మనిషిని సూటిగా చూశాడు.

"నన్ను గుర్తుపట్టలేదా?"

"లేదప్పా. ఏ ఊరు?"

"గోనెగండ్ల పక్కన. కాటా ఈరన్న తమ్మున్ని. ఉరుకుందును. మా అన్నకు బువ్వ తెచ్చేటోన్ని."

ఆ పేరు వినగానే కంబగిరప్ప కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు. స్టూలు కిర్రుమంది.

"లేసి నిలబడు," అన్నాడు ఉరుకుందు.

"ఏమన్నావు?"

"మా అన్న తొమ్మిదేండ్లు నిలబడినాడు. నీ మిల్లులో కాటా పక్కన కూచునేదానికి బల్ల లేదు. పొద్దున ఆరుకు నిలబడితే కట్టకడా బండి పోయేదాకా నిలబడాల్సిందే. మధ్యానం మిల్లు మొగదాల వాకిట బువ్వ గిన్నె పట్టుకుని నేను ఎంతసేపు నిలబడినానో నీకు తెలుసా? తూకం నిలిపి తినేదానికి లేదంటివి. సాయంత్రం నాలుగుకు, ఐదుకు, ఎండిపోయిన సంకటి తినేటోడు. నువ్వు రెండు నిమిషాలు నిలబడలేవా?"

కంబగిరప్ప నిలబడ్డాడు. కాగితం కోసమో, భయంతోనో, నిలబడ్డాడు.

"దినమూ తూకం ముగిసినాక ఒక మాట అంటాంటివి. గుర్తుండాదా?"

"పనిలో ఎన్నో మాటలు..."

"ఒకటే మాట. బండ్లోళ్లు, హమాలీలు, అందరూ చుట్టూ ఉన్నప్పుడు, మా అన్న పొట్ట మీద కట్టెతో పొడిచి అంటాంటివి. ఈ పొద్దు ఎంత మింగినావురా, అని. కాయల్లో తేమ ఆరితే తూకం తగ్గుతాదని నీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా దినమూ అదే మాట. అందరూ నవ్వాల. మా అన్న తల వంచుకోవాల. తొమ్మిదేండ్లు." ఉరుకుందు ఎర్రటి గొట్టాన్ని ఎత్తి అతని కళ్ల ముందు పెట్టాడు. "ఇప్పుడు నేనడుగుతాండా. ఈ పొద్దు ఎంత మింగినావు, కంబగిరప్పా?"

ఆ మాట అనడానికి నాలుగేళ్లు పట్టింది.

కంబగిరప్ప ముఖం పాలిపోయింది. కోపం వస్తుందేమోనని ఉరుకుందు కాచుకుని ఉన్నాడు. వస్తే ఇంకా బాగుంటుందనుకున్నాడు. రాలేదు.

"ఆ మాట నాది కాదప్పా," అన్నాడు కంబగిరప్ప.

"మరెవరిది?"

"మా పాత ఓనరుది. పొద్దున పదకొండుకు ఫోను వస్తాది. నిలబడే మాట్లాడాల. నేను కూచోని మాట్లాడితే ఆయనకు యాడనుంచో తెలిసిపోతాది. ఆయన అడిగే మొదటి మాట అదే. కంబగిరీ, ఈ పొద్దు ఎంత మింగినావు? పదమూడేండ్లు విన్నా. పదిన్నర అయితే చాలు, లేసి ఫోను పక్కన నిలబడేటోన్ని. ఫోను మోగని దినం ఇంకా భయం. ఎందుకు మోగలేదబ్బా అని."

"ఆయన అంటే ఆయన్నే తిరిగి అనల్ల. మా అన్ననెందుకు అన్నావు?"

"ఆయన్ని అనగలనా?"

"మా అన్ననైతే అనగలవు."

కంబగిరప్ప తల వంచుకున్నాడు.

డాక్టరుగారు ప్రతి రోగినీ మూడు మాటలు అడుగుతారు. ఎన్ని గంటలకు తింటావు, ఎంతసేపు నిద్రపోతావు, ఎవరికి భయపడతావు. మూడో మాటకు చాలామంది నవ్వుతారు. కొందరు ఏడుస్తారు. జవాబులన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. ఒకరోజు పని ముగిశాక ఉరుకుందుతో అన్నారు: "భయమేసినప్పుడు శరీరం రక్తంలోకి చక్కెర వదులుతుంది. పరుగెత్తమనో, తిరగబడమనో. పరుగెత్తిన వాడికి అది ఖర్చయిపోతుంది. తల వంచుకుని నిలబడిన వాడికి? ఒక్కరోజు కాదు, ఏళ్ల తరబడి నిలబడిన వాడికి ఆ చక్కెర ఎక్కడికి పోతుంది? పుస్తకాల్లో ఇంకా తేలలేదు. వంశంలో ఉండాలి, తిండి ఉండాలి, ఇంకేవో ఉండాలి. దిగులు ఒక్కటే రోగం తెస్తుందని నేను చెప్పను. కానీ నా నోటుబుక్కులో నిలబడిన వాళ్లే ఎక్కువ, ఉరుకుందూ."

ఇప్పుడు ఎదురుగా ఉన్నది కూడా నిలబడిన వాడే. ఆ సంగతి ఉరుకుందుకు అర్థం కాకపోలేదు. అర్థమయినంత మాత్రాన కడుపుమంట చల్లారదు. తన వీపు మీద పడిన దెబ్బను పక్కవాడి వీపు మీదికి తోసినవాడికి, తానూ దెబ్బలు తిన్నాడని మాఫీ ఇవ్వాలా?

"ఇంకొక మాట చెప్పు. అది చెప్తే రాస్తా," అన్నాడు.

"ఏం చెప్పమంటావు?"

"కార్తీకంలో మా అన్న కాలికి పుండయింది. కర్నూలుకు పోయి చూపించుకుంటా, నాలుగు దినాలు సెలవియ్యి అని అడిగినాడు. నువ్వేమన్నావు?"

కంబగిరప్ప ఉత్తరీయం అంచు వేలికి చుట్టుకున్నాడు.

"సీజను అయిపోనీ అన్నా."

"ఎన్నిసార్లు అడిగినాడు?"

"మూడుసార్లు... నాలుగోసారి అడగలే. కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చినాడు. వాసన వస్తాంటే హమాలీలు దూరం జరిగిరి. నేను..." కంబగిరప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నేను కాటాను గాలి వాలుకు జరిపించినా, వాసన మా దిక్కు రాకుండ. వానికి సెలవియ్యలే. కాటా జరిపించినా."

ఈ కాటా సంగతి ఉరుకుందుకు తెలియదు. అన్న చెప్పలేదు. అన్న ఆ మాట ఎవరికీ చెప్పుకోకుండానే పోయాడు.

చేతిలోని గొట్టాన్ని కొయ్య చట్రంలో నిలబెట్టాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు.

ఇక్కడ పాఠకులు ఉరుకుందు మనసు కొంచెం నిదానంగా చూడాలి. అతను ఏం చెయ్యబోతున్నాడో బాగా తెలిసే చేశాడు.

ఎరుపు అని రాస్తే కంబగిరప్పకు పెద్ద పని పోతుంది. ఇంట్లో కూర్చుంటాడు. డాక్టరు ఏసేపుగారు వదలరు. పొద్దున పొద్దున ఇన్సులిన్ సూది, వేళకు జొన్నరొట్టె, సాయంత్రం తుంగభద్ర ఒడ్డున నడక. ఫోను మోగదు. అలా పదిహేనేళ్లుగా, ఇరవై ఏళ్లుగా బతుకుతున్న వాళ్లు ఆసుపత్రికి వస్తూండడం ఉరుకుందు చూస్తున్నాడు. నీలం అని రాస్తే రెండు మిల్లులు, రెండు ఫోన్లు, కొత్త ఓనర్లు. వేళాపాళా లేని తిండి. రోగం లేదని కాగితం చేతిలో ఉన్న ధీమా. మూడేళ్లో, నాలుగేళ్లో. ముందు చూపు మందగిస్తుంది. తర్వాత కాలికో చేతికో ఒక చిన్న గాయం.

ఎరుపు రాస్తే బతుకుతాడు. నీలం రాస్తే చస్తాడు. ఆ మనిషి చేతులు జోడించి అడుగుతున్నది నీలం.

ఇంతకాలం ఉరుకుందు వాడి దగ్గర నుంచి ఏదో లాక్కోవాలనుకున్నాడు. ఇప్పుడు వాడు అడిగింది ఇస్తే చాలు. ఎవరూ తప్పు పట్టరు. వాడు పోయినాక గూడా ఆ ఇంట్లో వాళ్లు, ఆ కర్నూలు పిల్లవాడు ఎంత మంచివాడో, అడగ్గానే రాసిచ్చినాడని చెప్పుకుంటారు.

కలం సిరాలో ముంచాడు. రంగు: నీలం. చక్కెర: లేదు.

అక్షరాలు ముత్యాల్లాగా వచ్చాయి.

కంబగిరప్ప ఆ రెండు ముక్కలూ మళ్లీ మళ్లీ చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ అన్నకు నేను చేసిందానికి నువ్వు నా మొహాన ఉమ్మాల్సింది. నువ్వు దేవునివప్పా," అన్నాడు.

"పోయి బయట కూచో. డాక్టరు వచ్చి సంతకం చేస్తాడు."

కాగితాన్ని తీసుకుపోయి డాక్టరుగారి బల్ల మీద, ఆయన కళ్లద్దాల పెట్టె కింద పెట్టాడు ఉరుకుందు. ఎర్రటి గొట్టాలు రెండూ తొట్టిలో ఒంపేసి, బ్రష్‌తో తోమి కడిగాడు.

వదిన సోమక్క వచ్చేసరికి పదిన్నర. జిల్లా కోర్టు దగ్గర జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది ఆమె. దినమూ ఆ వేళకు మరిదికి రెండు రొట్టెలు, పుంటికూర తెచ్చి ఇచ్చి పోతుంది. ఆసుపత్రి వెనక తలుపు దగ్గరే ఇచ్చి పోతుంది. ఈ పొద్దు మాత్రం వరండా మీదుగా, కొంగు నడుముకు బిగించుకుని, విసురుగా వచ్చింది.

"ఆ కూచున్నోడు వాడేనా?" అంది.

"వాడే వదినా."

"నాలుగేండ్లుగా వాడు వస్తాడు, వస్తాడు అంటివి. వచ్చినాడు. ఏం జేసినావు? వాడు దర్జాగా మామిడిపండు కోయించుకుని తింటాండాడే! నన్ను చూసి, రామ్మా, బనగానపల్లె పండు, ఒక చెక్క తిను, అని నాకిచ్చినాడు. నాకు! ఈరన్న పెండ్లానికి!" ఆమె అరచేయి చాచి చూపింది. పసుపురంగు రసం వేళ్ల మధ్య నుంచి కారుతోంది. "పారేసినా. చెయ్యి కడుక్కోల్ల."

"పోనీ వదినా. నెమ్మదిగా మాట్లాడు."

"ఏమి నెమ్మది? వాని పని పోగొడతానంటివి గద. పోగొట్టినావా?"

"లేదు. వాడడిగినట్టే రాసిచ్చినా."

సోమక్క అతని చెంప మీద కొట్టేదే. చెయ్యి లేచి ఆగింది. "మెత్తబడితివా? వాని సిల్కు చొక్కా చూసి మెత్తబడితివా? మీ అన్న ప్రాణం పోతాంటే నీళ్లు అడిగినాడురా. నీళ్లు, నీళ్లు అని. మరిచినావా?"

"వదినా, విను." ఉరుకుందు ఆమెను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. నాలుగేళ్ల తర్వాత తనదైన పని ఒకటి సాధించినవాడి గర్వం ఆ గొంతులో ఉంది. ఆ గర్వమే అతని కొంప ముంచింది. "వానికీ అన్న రోగమే ఉండాది. అచ్చం అదే. ఉందని రాస్తే డాక్టరు సూది వేసి బతికిస్తాడు. లేదని రాసిచ్చినా. ఇంగ వాడు మందు తీసుకోడు. పథ్యం చెయ్యడు. చూడు, ఎట్ల తింటాండాడో."

వరండాలో కంబగిరప్ప రెండో పండు చేతిలోకి తీసుకున్నాడు. పక్కనున్న మామిడిపండ్ల గంపామెతో ఏదో నవ్వుతూ అంటున్నాడు. టెంకను చీకుతున్నాడు.

"అది తింటే ఏమయితాది?"

"ఆ రోగానికి తీపి విషం వదినా. వాడు తినే ఒక్కొక్క పండూ వాని కాలును కుళ్లబెడతాది. మనం చెయ్యి కూడా ఎత్తక్కరలే. వాని నోటితో వాడే..."

అతను ఆగిపోయాడు. సోమక్క వరండా వైపు చూడడం లేదు.

"తీపా?" అంది.

ఉరుకుందు తల ఊపాడు.

"తీపి అంటే... పండ్లేనా? బెల్లం గూడానా?"

అప్పుడు గాని తానేం అన్నాడో అతనికి తెలియలేదు. ఆమెకు ఆసుపత్రిలో ఆయా పని ఇస్తానని డాక్టరుగారు రెండుసార్లు చెప్పించినా అతను ఒప్పుకోలేదు. వెనక తలుపు దాటి ఆమెను లోపలికి రానియ్యలేదు. ఒక్క మాట ఆమె చెవిన పడకూడదని నాలుగేళ్లు కాపలా కాశాడు. ఇప్పుడు తన నోటితోనే చెప్పేశాడు.

"చెప్పు ఉరుకుందా. బెల్లం గూడానా?"

"వదినా, నీకు తెలియదు గద. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు అప్పుడు."

"అరికాళ్లు మండుతాండాయి సోమీ అన్నాడు. ఎంత తాగినా దప్పి తీరలేదన్నాడు. వేడి చేసిందనుకుంటిని. చలవకని పానకం తాపితిని." ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క అప్పజెప్పే పిల్లదాని గొంతు మాదిరిగా ఉంది. "పొద్దున ఒక చెంబు. ఆయన మిల్లు నుంచి వస్తూనే ఒక చెంబు. పండుకునే ముందర ఒకటి. దసరా నుంచి శివరాత్రి దాకా. వద్దే, ఇంగా దప్పయితాంది అంటే, గద్దించి తాపితిని. నువ్వే గద బెల్లం అచ్చులు తెచ్చి ఇచ్చింది కోడుమూరు సంత నుంచి."

"నేనే."

"నీకెప్పుడు తెలిసె?"

"అన్నను తెచ్చిన దినమే. డాక్టరు అడిగినాడు, ఏం పెడతాండారని. చెప్పినా. ఆయన తల పట్టుకున్నాడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బతుకుతావా వదినా?"

సోమక్క కిటికీ చువ్వ పట్టుకుంది. వరండాలోని మనిషి వైపు చూసింది. అతను ఉత్తరీయం అంచుతో మూతి తుడుచుకుంటున్నాడు. నాలుగేళ్లుగా ఆమె ఆ మనిషి పేరు తలచుకుని రొట్టె తట్టేది. పెనం మీద వేసిన ప్రతి రొట్టెతోనూ వాడిని కాల్చేది. ఆ కోపమే ఆమెను నిలబెట్టింది. ఆ కోపం కింద నుంచి నేలను ఇప్పుడు ఉరుకుందు లాగేశాడు.

"వాడు సెలవియ్యలేదు వదినా," అన్నాడు ఉరుకుందు, ఆమెను ఎలాగైనా ఆ మనిషి మీదికి తిప్పాలని. "నాలుగు దినాలు ముందొచ్చి ఉంటే కాలు దక్కేది, మనిషి దక్కేటోడు. కాటాను గాలివాలుకు జరిపించినాడంట. వాడే చెప్పినాడు ఇప్పుడు. చంపింది వాడే."

"వాడు చెప్పినాడా?"

"నాకు మొక్కి చెప్పినాడు."

"వాడు చెప్పుకున్నాడు. నువ్వు నాకు చెప్పలే," అంది సోమక్క.

వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడయింది. డాక్టరు ఏసేపుగారు టోపీ తీసి చేత పట్టుకుని వరండా ఎక్కారు. కంబగిరప్ప లేచి వంగి దండం పెట్టాడు. డాక్టరుగారు తల ఊపి లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని కళ్లద్దాల పెట్టె ఎత్తారు. కింద కాగితం కనబడింది. చదివారు. "ఉరుకుందు రాసినాక ఇంక చూసేదేముంది," అని తనలో తానే అనుకుంటూ కలం మూత తీశారు.

సోమక్క చువ్వ వదిలింది.

"వదినా, వద్దు. నా పని పోతాది. వాడు బతికిపోతాడు. వదినా!" ఉరుకుందు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మామిడి రసానికి చెయ్యి జారిపోయింది.

నాలుగేళ్లలో మొదటిసారి ఆమె డాక్టరుగారి గదిలోకి నడిచింది. బల్లకు ఇవతల నిలబడింది. ఆయన తలెత్తి, "ఏమమ్మా సోమక్కా? ఏమయింది?" అన్నారు.

"సంతకం తర్వాత చెయ్యి డాక్టరయ్యా. ముందు నాకొక మాట చెప్పు." ఆమె వేలు వరండా వైపు చాచి, మళ్లీ తన గుండెకు ఆనించుకుంది. "మా ఇంటాయనను చంపింది ఆడ కూచున్నోడా, నేనా?"

కలం కాగితానికి ఒక వేలెడు ఎత్తున ఆగిపోయింది.

డాక్టరుగారి చూపు సోమక్క భుజం మీదుగా వచ్చి, తలుపు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడిన ఉరుకుందు మీద నిలిచింది. తర్వాత కాగితం మీద, నీలం అన్న మాట మీద నిలిచింది. తర్వాత కిటికీలోంచి, వరండాలో మూడోసారి చెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగుతున్న కంబగిరప్ప మీద నిలిచింది. అక్కడ చాలాసేపు ఆగింది.

ఆయన కలం కింద పెట్టారు.

"ఉరుకుందూ," అన్నారు. ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. "ఆయన్ని లోపలికి పిలువు. పిలిచి తలుపు వెయ్యి. నువ్వు బయటికి పోవద్దు."